ఒకే నీళ్ల సీసా, మూడు ధరలు: ఇది చట్టం ఒప్పుకునేదేనా?

కొర్లగుంట వాసి
మా మేనమామ కుటుంబం మొన్న కర్నూలు నుంచి దర్శనానికి వచ్చింది. వాళ్లను తీసుకురావడానికి తిరుపతి రైల్వే స్టేషన్‌కు వెళ్లాను. ఎదుట ఉన్న చిన్న దుకాణంలో మామయ్య లీటరు నీళ్ల సీసా కొంటే 25 రూపాయలు తీసుకున్నారు. సీసా మీద అచ్చయిన ధర 18. అడిగితే, "ఫ్రిజ్‌లో పెట్టినందుకు" అన్నాడు. అదే కంపెనీ సీసా మా వీధి కిరాణాలో 18, గాంధీ రోడ్డు దగ్గర టోకుగా అమ్మే చోట 15. మామయ్య "పోనీలేరా, దేవుడి దగ్గరికి వచ్చి ఏడు రూపాయలకు గొడవెందుకు" అన్నారు. మా ఊరికి వచ్చిన మనిషి చేత ఆ మాట అనిపించుకున్నందుకు నాకు చాలా బాధ కలిగింది. ఒకే వస్తువును ఒక్కొక్కరు ఒక్కో ధరకు అమ్మవచ్చా? తెలిసినవారు చెప్పండి.

మిట్టూరు గుమాస్తా (చిత్తూరు)
చాలా ఏళ్లుగా వకీలు దగ్గర పని చేస్తున్నాను. మీరు అడిగిన దానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, విడదీసి చూడాలి.

ఒక దుకాణంలో 15, మరొక దుకాణంలో 18 ఉండటం తప్పు కాదు. అన్ని దుకాణాలూ ఒకే ధరకు అమ్మాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. చట్టం గీసిన గీత పైన ఉంది, కింద లేదు. ఎమ్మార్పీ అంటేనే గరిష్ఠ ధర. అంతకు తగ్గించి ఎవరికైనా, ఎంతకైనా ఇవ్వవచ్చు.

25 తీసుకోవడం మాత్రం నేరమే. 2009 తూనికలు కొలతల చట్టం కింద 2011లో ప్యాకేజీ వస్తువుల నియమాలు వచ్చాయి. వాటిలో 18వ నియమం ప్రకారం ప్యాకెట్ మీద అచ్చయిన ధరకు మించి చిల్లర వ్యాపారి అమ్మకూడదు. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. "కూలింగ్ చార్జీ" అని విడిగా తీసుకోవడానికి చోటే లేదు.

స్టేషన్ దారి
కొర్లగుంట వారికి ఒక మాట. స్టేషన్ లోపల రైల్వే వారి సొంత నీళ్లు, రైల్ నీర్, లీటరు సీసా 14 రూపాయలే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గినప్పుడు 15 నుంచి 14కు దించారు. ఇంటికి వచ్చే చుట్టాలకు ప్లాట్‌ఫారం మీదే కొనుక్కోమని ముందుగా చెబుతున్నాను.

కిరాణా కొట్టు, ఎస్వీ నగర్
నేను కొట్టు నడుపుతాను కాబట్టి మా వైపు మాట కూడా వినండి. పాల ప్యాకెట్ మీద, నీళ్ల సీసా మీద మాకు మిగిలేది చాలా తక్కువ. ఎండాకాలంలో ఫ్రిజ్ రాత్రీ పగలూ తిరుగుతుంది, కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఒకప్పుడు నేనూ పాల ప్యాకెట్‌కు రూపాయి ఎక్కువ తీసుకున్నాను. ఒక టీచరమ్మ ప్యాకెట్ తిప్పి ధర చూపించి, ఏమీ అనకుండా అచ్చయిన డబ్బే పెట్టి వెళ్లారు. ఆ రోజు నుంచి మానేశాను.

అయితే అందరికీ ఒకే ధర అనేది మా దగ్గర కుదరదు. హోటల్ వాళ్లు పెట్టెలకు పెట్టెలు తీసుకెళతారు, వాళ్లకు తగ్గిస్తాను. నెల సరుకు తీసుకునే ఇంటికి తగ్గిస్తాను. దారిన పోయేవారికి ఎమ్మార్పీ. ఇది తప్పంటే వ్యాపారమే లేదు.

మిట్టూరు గుమాస్తా (చిత్తూరు)
మీరు చేసేది న్యాయమే అన్నా. తగ్గింపు ఎవరికి ఇవ్వాలన్నది మీ ఇష్టం. మందుల షాపులు కొందరికి పది శాతం తగ్గించడం కూడా అలాంటిదే.

పద్మావతీపురం గృహిణి
మరి హోటల్ మాటేమిటి? మా పెళ్లిరోజున ఏసీ హాల్లో కూర్చుంటే నీళ్ల సీసాకు అచ్చయిన ధరకు రెట్టింపు వేశారు. పైగా బిల్లులో స్పష్టంగా రాశారు!

మిట్టూరు గుమాస్తా (చిత్తూరు)
అమ్మా, అక్కడ లెక్క వేరు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హోటల్‌కు, రెస్టారెంటుకు వెళ్లేవారు కేవలం సీసా కొనడానికి వెళ్లరు, కుర్చీ, బల్ల, వడ్డన అన్నీ కలిసిన సేవ పొందుతారు, కాబట్టి అక్కడ ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చు అని. ఆ తీర్పు నాకు నచ్చదు. సేవకు వేరే పద్దు రాసుకోవచ్చు, నీళ్లకెందుకు? అయినా చట్టం ఇప్పటికి అదే. కానీ స్టేషన్ ఎదుట బడ్డీకొట్టు రెస్టారెంటు కాదు. కొర్లగుంట వారి విషయానికి ఆ తీర్పు వర్తించదు.

భాష తెలిసినవాడు
నన్ను బాధపెట్టేది ఇంకొకటి. బెంగళూరు స్నేహితుడితో కలిసి ఇత్తడి దీపపు కుందె కొనడానికి వెళ్లాను. అతను హిందీలో అడిగితే 900 అన్నారు. పది నిమిషాల తర్వాత నేను విడిగా వెళ్లి తెలుగులో అడిగితే 450. అదే కుందె, అదే దుకాణం. దానిమీద ధర ఏమీ లేదు. దీనికి చట్టం ఏమంటుంది?

మిట్టూరు గుమాస్తా (చిత్తూరు)
ఏమీ అనదు, అదే మన దురదృష్టం. ప్యాకెట్ కట్టని వస్తువుకు ఎమ్మార్పీ ఉండదు. కుందె, కొబ్బరికాయ, పూలమాల, కూరగాయలు అన్నీ బేరమే. గిల్టు నగను బంగారమని, మామూలు లోహాన్ని పంచలోహమని చెప్పి అమ్మితే అది అనుచిత వ్యాపారం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పట్టుకోవచ్చు. ధర ఎక్కువ చెప్పాడన్న ఒక్క కారణంతో పట్టుకోలేరు.

వర్సిటీ విద్యార్థి
ఒకే బిస్కెట్ ప్యాకెట్, ఒకే బరువు, మాల్‌లో ఒక ఎమ్మార్పీ, బయట ఇంకొకటి అచ్చు వేసి ఉండేవి కదా. 2018 జనవరి 1 నుంచి తయారీదారు అనుచిత పద్ధతిలో అలా రెండు ఎమ్మార్పీలు వేయకూడదని నియమాల్లో చేర్చారు. కొత్త సరుకు మీద కొత్త ధర రావడం వేరు, అది మామూలే.

యాప్‌ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు. ఫోను రకాన్ని బట్టి ఒకే ప్రయాణానికి వేరువేరు ఛార్జీలు చూపిస్తున్నారన్న ఫిర్యాదులపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఊబర్‌లకు నోటీసులు ఇచ్చింది. మా గదిలో నా ఫోనులో, మిత్రుడి ఫోనులో ఒకే సరుకును పక్కపక్కన పెట్టి చూస్తే ధర తేడా వచ్చింది. కూపన్ల వల్ల కావచ్చు, కానీ మాకెవరూ చెప్పలేదు.

కొర్లగుంట వాసి
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఫిర్యాదు ఎలా చేయాలి? ఆ దుకాణంలో బిల్లు ఇవ్వరు.

మిట్టూరు గుమాస్తా (చిత్తూరు)
నగదు ఇవ్వకండి. ఫోను ద్వారా చెల్లిస్తే తేదీ, సమయం, 25 రూపాయలు, డబ్బు చేరిన ఖాతా పేరు అన్నీ మిగులుతాయి. సీసా మీద ధర, తయారీ తేదీ కనిపించేలా ఫొటో తీయండి. దుకాణం ముందు భాగాన్ని కూడా తీయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తూనికలు కొలతల శాఖ జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంది, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. మీ మామయ్య కర్నూలు వెళ్లిపోయినా అక్కడి నుంచే వేసుకోవచ్చు.

కొర్లగుంట వాసి
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్లే సీసా కొని, ఫోనులో చెల్లించి, 1915కు చెప్పాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. నిన్న సాయంత్రం అటుగా వెళ్లి మళ్లీ సీసా అడిగితే 18 తీసుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడేమోనన్న అనుమానంతో పక్కనే నిలబడ్డాను. నా వెనుక తమిళ కుటుంబం ఒకటి వచ్చింది, చంటిబిడ్డ ఏడుస్తోంది. వాళ్ల దగ్గర 25 తీసుకున్నాడు. సీసా మీద ధర వాళ్లకు చూపించి ఏడు రూపాయలు తిరిగి ఇప్పించాను. రెండో ఫిర్యాదు ఈ ఉదయం నమోదైంది.