మాస్టర్స్ తిరిగి కొనేసుకుంది కదా, ఇంకా 'టేలర్స్ వెర్షన్' ఎందుకు వినాలి?

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా, ఇవాళ అడిగేస్తున్నా, తిట్టుకోకండి. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్స్ మళ్లీ పాడి 'టేలర్స్ వెర్షన్' అని పేరు పెట్టి వదిలిన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొదటి ఆరు ఆల్బమ్స్ మాస్టర్ రికార్డింగ్స్, అంటే స్టూడియోలో పాడిన అసలు రికార్డింగ్స్ మీద హక్కులు, ఆవిడ పాత కంపెనీ బిగ్ మెషీన్ చేతిలో ఉండేవి. 2019లో స్కూటర్ బ్రాన్ అనే మ్యూజిక్ మేనేజర్ ఆ కంపెనీని కొన్నాడు, మరుసటి ఏడాదే ఆ మాస్టర్స్ షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థకి వెళ్లిపోయాయి. ఈవిడకి ఒళ్లు మండి ఒక్కో ఆల్బమ్ మొదటి నుంచి పాడటం మొదలుపెట్టింది. 2021లో 'ఫియర్‌లెస్', 'రెడ్', 2023లో 'స్పీక్ నౌ', '1989'. పాతవి వినడం అంటే ద్రోహం అన్నట్టు అభిమానులంతా ఒట్టు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నా, ప్లేలిస్టులో పాత 'రెడ్' తీసేసి కొత్తది ఎక్కించా.

మరి ఆ పాత మాస్టర్స్ అన్నీ తనే కొనేసుకున్నానని ఆవిడ 2025 మే 30న ప్రకటించింది. ఏది విన్నా ఇక ఆవిడ సొత్తే. ఆ రోజు రాత్రి నాలుగేళ్ల తర్వాత పాత 'రెడ్' పెట్టుకుని విన్నా. నిజం చెప్పనా, సొంతింటికి వచ్చినట్టు అనిపించింది. కొత్తదాంట్లో గొంతు బాగుంటుంది, శ్రుతి ఎక్కడా తప్పదు, ఊపిరి మీద పట్టు ఎక్కువ. కానీ పాతది పాడినప్పుడు ఆవిడకి 22 ఏళ్లు, కొత్తదానికి 31. 'వి ఆర్ నెవర్ ఎవర్'లో మధ్యలో ఫోన్లో స్నేహితురాలితో వాగుతున్నట్టు ఒక ముక్క ఉంటుంది చూడండి, పాతదాంట్లో ఆ విసుగు నిజం విసుగు. కొత్తదాంట్లో, ఎప్పుడో తను పడిన విసుగుని కాలేజీ డే నాటకంలో చేసి చూపిస్తున్నట్టు ఉంది.

బ్రిటిష్ గాయని అడెల్‌ని చూడండి. 19, 21, 25, 30 అని ఆల్బమ్‌కి వయసే పేరు పెట్టుకుంది. '21' ని ఆవిడ ఇప్పుడు కూర్చుని మళ్లీ పాడితే ఎంత బాగా పాడినా అది '21' అవుతుందా?

నా మాట: కొత్త రికార్డింగ్స్ గొప్ప పోరాటం, కానీ గొప్ప ఆల్బమ్స్ కాదు. పని అయిపోయింది. పాతవే వినండి.

డాలస్_పెసరట్టు:

అక్కా, ఇంత మాట అనేశావేంటి. 2023లో ఆవిడ ఎరాస్ టూర్ మా డాలస్ పక్కన ఆర్లింగ్టన్ వచ్చినప్పుడు నేను స్టేడియంలో ఉన్నా. పది నిమిషాల 'ఆల్ టూ వెల్' మొదలవగానే డెబ్భై వేల మంది ఒక్క మాట పొల్లు పోకుండా పాడారు. అది కొత్త 'రెడ్'లోదే కదా. కొత్త ఆల్బమ్ లేకపోతే ఆ పాట మనకి దక్కేదే కాదు. పాత 'ఆల్ టూ వెల్' ఐదున్నర నిమిషాలు, సింగిల్‌గా కూడా రాలేదు, అయినా అభిమానులు తొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకుని దాచుకున్నారు. 2021లో పొడుగు పాట వచ్చి అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా ఒకటో స్థానంలో కూర్చుంది. అప్పటిదాకా ఒకటో స్థానానికి వచ్చిన వాటిలో అతి పొడుగు పాట డాన్ మెక్లీన్ 'అమెరికన్ పై', 1972 నుంచి ఆ రికార్డు ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని ఈ రీ-రికార్డింగే కొట్టింది. 'గొప్ప ఆల్బమ్ కాదు' అంట!

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

ఆ పాటకి నేను దణ్ణం పెడతా. కానీ అది మళ్లీ పాడిన పాట కాదు కదా తమ్ముడూ, అప్పుడు పక్కన పెట్టేసిన చరణాలు ఇప్పుడు బయటికి తీసింది. ఇంకో మాట అంటే నువ్వు కొడతావు, పొట్టిదే మంచి పాట. కలిసి రాసిన లిజ్ రోజ్‌తో కూర్చుని అంత పొడుగు రాతలోంచి కావలసినవి ఏరుకుని కుదించారు చూడు, ఆ కుదింపులోనే ఉంది పనితనం. పొడుగుదాంట్లో మంచి మంచి వాక్యాలు ఉన్నాయి, పాట మాత్రం కొంచెం సాగుతుంది.

డాలస్_పెసరట్టు:

21వ పుట్టినరోజు నాడు అమ్మాయి గుమ్మం వంక చూస్తూ కూర్చోవడం, వాళ్ల నాన్న ఆ అమ్మాయిని చూస్తూ ఉండిపోవడం, అది సాగదీయడమా? నేను ఆడపిల్ల తండ్రిని అక్కా. ఆ చరణం దగ్గర కారు పక్కకి ఆపుకున్నా ఒకసారి.

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

సరే, ఆ చరణం నీకు ఇచ్చేశా.

మిక్సింగ్_మామ:

నేను చిన్న స్టూడియోలో పని చేస్తా, భక్తి పాటలూ యాడ్‌లూ, పెద్ద గొప్పేం కాదు. కాకపోతే ఈ విషయంలో అందరూ గొంతు గొంతు అంటున్నారు, అసలు తేడా గొంతులో కంటే వెనక ఉంది. పాత '1989' కి మాక్స్ మార్టిన్ అనే ప్రొడ్యూసర్ పెద్ద దిక్కు. ఆయన, షెల్‌బ్యాక్ కలిసి ఒక్కో శబ్దాన్ని ఎక్కడ పెట్టాలో ఎంత లోతుగా పెట్టాలో లెక్క కట్టి చేశారు. కొత్తదానికి మాక్స్ మార్టిన్ లేడు. క్రిస్టఫర్ రో అనే ఆయన ఈవిడతో కలిసి పాతదాన్ని అచ్చంగా దించే పని పెట్టుకున్నాడు. దించడం అనేది చాలా కష్టమైన పని అండీ, చేసినవాడికే తెలుస్తుంది. ఏ డ్రమ్ శబ్దం వాడారో దొరుకుతుంది, దాని మీద ఏమేం ఎఫెక్టులు ఏ వరసలో పడ్డాయో మాత్రం చెవితో పట్టుకోవాలి. 'స్టైల్' మొదట్లో వచ్చే గిటార్ రెండూ పక్క పక్కన పెట్టి వినండి. పాతది గోడకి ఆనుకుని నిలబడినట్టు ఉంటుంది, కొత్తది గోడకి రెండడుగుల ఇవతల.

అయితే 'ఫియర్‌లెస్' సంగతి వేరు. అది ఎక్కువ భాగం మనుషులు వాయించిన కంట్రీ సంగీతం, కొత్తదాంట్లో ఆవిడ టూర్ బ్యాండ్ వాళ్లే వాయించారు, నాకైతే పాతదానికంటే కొత్తదే ఇష్టం. 18 ఏళ్లప్పుడు ముక్కుతో వచ్చే ఆ జీర పోయింది, హాయిగా ఉంది. కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి.

లాయర్_కాదు_బాబు:

అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. ఒక పాట మీద రెండు హక్కులు ఉంటాయి. రాసిన పాట మీద ఒకటి, దాన్ని పట్టుకున్న రికార్డింగ్ మీద ఇంకొకటి. మొదటిది ఎప్పుడూ ఈవిడ చేతిలో ఉంది, ఎందుకంటే రాసింది ఈవిడే. 'స్పీక్ నౌ' మామూలు ఎడిషన్ 14 పాటలూ ఒక్కతే రాసింది. సినిమాకో యాడ్‌కో పాట వాడాలంటే రెండు హక్కులవాళ్లూ ఒప్పుకోవాలి, కాబట్టి పాత రికార్డింగ్‌కి ఈవిడ 'కుదరదు' అంటే చాలు, దాని విలువ సగం పడిపోతుంది. కొత్తది కావాలంటే తీసుకోండి అంటుంది. రీ-రికార్డింగ్ అసలు ఉద్దేశం అదీ, చెవులకి విందు చేయడం కాదు. అది బాగా పని చేసింది కనుకనే కొత్తగా సంతకాలు పెట్టేవాళ్ల కాంట్రాక్టుల్లో 'ఇన్నేళ్లు మళ్లీ పాడకూడదు' అనే గడువు కంపెనీలు పెంచేస్తున్నాయని పత్రికల్లో వచ్చింది. నువ్వేమో విసుగు నిజమా నటనా అంటున్నావు.

ఇక మన దగ్గర సినిమా పాటకి రికార్డింగ్ మీద హక్కు నిర్మాతదో ఆడియో కంపెనీదో. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, 2013లో గాయకుల సంఘం పెట్టుకున్నాక, పాడినవాళ్లకి రాయల్టీ అనే మాట వినిపించడం మొదలైంది. మన గాయని ఎవరైనా 'నా పాత పాటలన్నీ నేను మళ్లీ పాడి నా పేరున వదులుతా' అనగలదా? పాట తనది కాదు, రాగం తనది కాదు. గొంతొక్కటే తనది.

కేజీ_పాటలు:

మళ్లీ పాడటం మనకి కొత్తా? 'మసక మసక చీకటిలో' అని ఎల్.ఆర్. ఈశ్వరి 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో పాడితే, తర్వాత స్మిత రీమిక్స్ పాడింది. మా నాన్న టీవీ కట్టేసేవాడు, మా అన్నయ్య మళ్లీ పెట్టేవాడు. నాకు రెండూ ఇష్టమే. మీరు మరీ పీకి పాకం పెడుతున్నారు.

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

అది వేరేవాళ్ల పాటని వేరేవాళ్లు పాడటం అండీ. స్మిత ఎక్కడా ఈశ్వరిగారిలా పాడబోలేదు, తన తీరులో పాడింది, బీటు మార్చింది. అందుకే దానికి ప్రాణం ఉంది. నా గొడవంతా ఏంటంటే, తన పాటని తనే, మారకుండా, అచ్చు అలాగే పాడటం. మారిస్తే మారిందంటారు, మార్చకపోతే ఎందుకంటారు, నిజమే, ఆవిడకి దారి లేదు. మార్చిన ఒక్కచోట కూడా నాకు నచ్చలేదు. 'స్పీక్ నౌ'లోని 'బెటర్ దాన్ రివెంజ్'లో ఇంకో అమ్మాయిని పరుపు మాట పెట్టి చులకన చేసిన వాక్యం తీసేసి దీపం, చిమ్మట అంటూ ఏదో పెట్టింది. పాతది తప్పు మాటే, ఒప్పుకుంటా. కానీ ఆ వయసులో అక్కసుతో అలాగే అంటారు. డైరీలో పాత పేజీ కొట్టేసి మంచి అమ్మాయిలా తిరగరాసినట్టుంది.

డాలస్_పెసరట్టు:

ఆ మాట మార్చడం నాకు నచ్చింది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, కారులో ఆ ఆల్బమ్ మొత్తం నోటికి పాడుతుంది. ఇక్కడ మాత్రం నీతో కలవను.

లాయర్_కాదు_బాబు:

ఒక చిన్న ప్రశ్న. 2012లో ఆ పాత 'రెడ్' ఎక్కడ విన్నావు? సీడీ కొన్నావా?

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

ఇదిగో, దొరికిపోయా. విజయవాడలో ఇంటర్ హాస్టల్. ఫోన్లు నిషేధం. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మా సందు చివర మొబైల్ షాపులో మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునేదాన్ని, కార్డు నిండా ఎక్కిస్తే యాభై రూపాయలు. అందులో 'రెడ్' ఫోల్డర్ ఉంది, పాటల వరస కూడా తప్పే. చాలా ఏళ్లు 'బిగిన్ అగైన్' మొదటి పాట అనుకున్నా, తీరా చూస్తే మామూలు ఎడిషన్‌లో అది ఆఖరు పాట. దుప్పటి కప్పుకుని చిన్న ఎంపీత్రీ ప్లేయర్‌లో ఒక చెవి నాది, ఒక చెవి నా పక్క మంచం అమ్మాయిది.

లాయర్_కాదు_బాబు:

అంటే ఆవిడకి పైసా రాని రికార్డింగ్ విని, ఇప్పుడు మాస్టర్స్ గురించి చర్చ పెట్టావు. ఆ యాభై షాపువాడి జేబులోకి. బ్రాన్‌కి కూడా ఏం రాలేదు పాపం.

కేజీ_పాటలు:

😂😂 ఇక్కడితో తాళం వేసేయండి

మిక్సింగ్_మామ:

తాళం వద్దు. అమ్మా, నీకు నచ్చేది పాత రికార్డింగా, పాత దుప్పటా? ఒక పని చెయ్. ఎవరితోనైనా పాత, కొత్త 'రెడ్' పాటలు కలిపి పెట్టించు, నువ్వు తెర చూడకు, శబ్దం రెండిటికీ ఒకే స్థాయిలో ఉండేలా చూడమను, ఎందుకంటే కొంచెం గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా. పది పాటలు చాలు. ఏది ఏదో చెప్పి, ఇక్కడ రాయి. మోసం చెయ్యకు.

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

సరే. మా చెల్లితో పెట్టిస్తా, ఆదివారం.

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

పెట్టించా. రాయాలంటే సిగ్గుగా ఉంది, మాట ఇచ్చా కాబట్టి రాస్తున్నా. పదికి ఆరు.

'వి ఆర్ నెవర్ ఎవర్' రెండు సెకన్లలో పట్టేశా, ఆ ఫోన్ ముక్క దాకా కూడా వెళ్లక్కర్లేదు. 'ఐ న్యూ యూ వర్ ట్రబుల్' కూడా, మిక్సింగ్ మామ అన్నట్టు బీటు పడే చోట తెలిసిపోతుంది. '22' సరిగ్గానే చెప్పా. కానీ 'ట్రెచరస్' తప్పు. 'శాడ్ బ్యూటిఫుల్ ట్రాజిక్' తప్పు. 'స్టేట్ ఆఫ్ గ్రేస్' విని 'ఇదీ, ఇదే నా పాత రెడ్, ఈ డ్రమ్స్ వినవే' అని చెల్లికి ఉపన్యాసం కూడా ఇచ్చా, అది కొత్తది. అన్నిటికంటే ఘోరం 'బిగిన్ అగైన్'. ఏ పాట మీద నాకు లోకంలో అందరికంటే ఎక్కువ హక్కు ఉందనుకున్నానో అదే తప్పు చెప్పా. చెల్లి ఇంకా నవ్వుతూనే ఉంది.

ఒక సంగతి మాత్రం గమనించా. వెంటనే పట్టుకున్న ఆ మూడూ మాక్స్ మార్టిన్ చెయ్యి పడిన పాప్ పాటలు. తప్పినవి ఎక్కువగా గిటార్‌తో మెల్లగా నడిచేవి. కాబట్టి మామ చెప్పిందే నిజం, నేను వయసు అనుకున్నదాంట్లో సగం పైనే ప్రొడక్షన్. మిగతా సగం మీద మాత్రం పట్టు వదలను, ఆ ఫోన్ ముక్క మళ్లీ వినండి కావాలంటే.

మిక్సింగ్_మామ:

పదికి ఆరు అంటే బొమ్మా బొరుసూ వేసినా రావచ్చు. కాకపోతే ఏవి పట్టుకున్నావో చూస్తే చెవి మంచిదే.

డాలస్_పెసరట్టు:

ఇప్పుడు ప్లేలిస్టులో ఏది పెట్టావు అక్కా?

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

పాప్ పాటలు పాతవి, మెల్లవి కొత్తవి. 'బిగిన్ అగైన్' పాతదే, అందరికంటే ముందు పెట్టా, ఆ షాపువాడి వరస ప్రకారం.

డాలస్_పెసరట్టు:

పొడుగు 'ఆల్ టూ వెల్'?

ఇయర్‌ఫోన్స్_చిక్కుముడి:

ఉంది లే.