ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ రాగానే మోగాలంటే

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి నుంచి డల్లాస్ వచ్చి మూడు వారాలైంది. ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ వచ్చినా చప్పుడే ఉండదు. హైదరాబాద్ టీమ్ మెయిల్స్ ఇప్పటికి రెండుసార్లు ఆలస్యంగా చూశాను. టెన్షన్‌గా ఉంది. మెయిల్‌కి క్లాసిక్ ఔట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ పాత రూపం) వాడుతున్నాను.

*

తమ్ముడూ, నేను డల్లాస్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్నాను. ఎండాకాలంలో నీకు ఉదయం 9 అయితే మాకు రాత్రి 7:30. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక 8:30. మేం ఇంటికి బయలుదేరేలోపు నీ జవాబు రాకపోతే ఆ పని మర్నాటికే.

ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్తే మెసేజ్ అరైవల్ దగ్గర 'ప్లే ఎ సౌండ్' ఉంటుంది. దాన్ని మాత్రం పెట్టుకోకు. ప్రతి మెయిల్‌కీ మోగుతుంటే వారంలో చెవి పట్టించుకోవడం మానేస్తుంది. నాకదే జరిగింది. మోగినా తలెత్తలేదు, ఇక్కడ మా టీమ్ అమ్మాయి నా జవాబు కోసం రాత్రి 11 దాకా ఆఫీసులోనే కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కావాల్సినవాళ్ల మెయిల్ మీద రైట్ క్లిక్ చేసి రూల్స్, క్రియేట్ రూల్ నొక్కు. పంపినవారి పేరు, 'ప్లే ఎ సెలెక్టెడ్ సౌండ్' రెండూ టిక్ చెయ్యి. ఇక్కడి లీడ్, మీ మేనేజరు, వీసా లాయరు చాలు. లాయరుకి వేరే శబ్దం పెట్టుకో, పత్రాలు అడిగే మెయిల్ ఒక్కటి కూడా తప్పిపోకూడదు. శబ్దానికి డబ్ల్యూఏవీ (.wav) రకం ఫైలే పెట్టాలి. ఔట్‌లుక్ తెరిచి ఉంటేనే మోగుతుంది కాబట్టి మినిమైజ్ చెయ్యి, మూసెయ్యకు.

అప్పటికీ మోగకపోతే శబ్దం ఎటు పోతోందో చూడు. మానిటర్ తగిలించగానే విండోస్ ఒక్కోసారి దాన్నే స్పీకరు అనుకుంటుంది, ఆ మానిటర్‌కేమో స్పీకరే ఉండదు.

*

తమ్ముడూ, జీమెయిల్‌కి కూడా పెట్టుకో. సెట్టింగ్స్‌లో జనరల్ కింద డెస్క్‌టాప్ నోటిఫికేషన్స్ ఉంటాయి, 'ఇంపార్టెంట్ మెయిల్' ఎంచుకో. బ్రౌజర్ అనుమతి అడిగితే ఇవ్వాలి, ట్యాబ్ తెరిచే ఉంచాలి. పక్క సీట్లవాళ్లకి ఇబ్బంది లేకుండా హెడ్‌ఫోన్స్ వాడు. హైదరాబాద్‌లో పొద్దున 9 అంటే ఇప్పుడు డల్లాస్‌లో మనకి రాత్రి 10:30. ఇంట్లో ఆ టైముకి ల్యాప్‌టాప్ మూసెయ్యి, నిద్ర పాడుచేసుకోకు.

*

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. శబ్దమంతా మానిటర్‌కే పోతోంది! హెడ్‌ఫోన్స్‌కి మార్చాను. ఇక్కడ 9:10కి లీడ్ మెయిల్ మోగింది, 9:14కల్లా జవాబిచ్చాను.