అప్‌డేట్: అపార్ట్‌మెంట్ గ్రూప్ సంగతి ఏం తేలిందంటే
మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ మెసేజ్ గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కొట్టుకుపోతోంది, వాట్సాప్ గ్రూపే ఉంచాలా మెయిల్‌కి మారాలా అని అడిగా కదా, మెయిల్ అనగానే పక్కింటి ఆంటీ "అది బ్యాంకోళ్లు పంపేది కదమ్మా" అనేసింది, ఇంక ఆ ముచ్చట ఖతం.

చివరికి వాట్సాప్‌లోనే కమ్యూనిటీ పెట్టాం, అంటే ఒకే గొడుగు కింద వేరే వేరే గ్రూపులు. అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో అడ్మిన్లే పోస్ట్ చేయగలరు, మన నంబర్ అడ్మిన్లకీ మనల్ని సేవ్ చేసుకున్నవాళ్లకీ తప్ప కనపడదు, రెంట్‌కుండే అమ్మాయిలు ముందు అడిగిందే అది. కబుర్లకీ పార్కింగ్ గొడవలకీ వేరే గ్రూప్, నేనైతే మ్యూట్.

అమెరికాలో ఉండే ఓనర్లకి మాత్రం మెయింటెనెన్స్ లెక్కలు మెయిల్‌లోనే వెళ్తాయి, పాతవి వెతుక్కోడానికి వాళ్లే కావాలన్నారు. మూడో ఫ్లోర్ తాతగారిది కీప్యాడ్ ఫోన్, అందుకే లిఫ్ట్ పక్కన బోర్డ్ తీయలేదు, వాచ్‌మన్ చాక్‌పీస్‌తో రాస్తున్నాడు.