గ్వాటెమాలాలో మాయన్ కుటుంబం ఇంట్లో ఉండి చదువుకోవడం, ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

వానకోయిల:
అందరికీ నమస్తే. ఈ సమ్మర్‌లో మా యూనివర్సిటీ తరఫున స్టడీ అబ్రాడ్‌కి గ్వాటెమాలా వెళ్తున్నా. అటిట్లాన్ సరస్సు ఒడ్డున శాన్ హువాన్ లా లగూనా అనే ఊరు, పొద్దున స్పానిష్ క్లాసులు, ఉండేది తిండి అంతా త్సుతుహిల్ అనే మాయన్ తెగకి చెందిన ఒక కుటుంబం ఇంట్లోనే. అమ్మ, నాన్న, పిల్లలు, నాయనమ్మ ఉంటారని చెప్పారు. క్లాసుల సంగతి ఎలాగోలా చూసుకుంటా గానీ ఆ ఇంట్లో ఎలా మసులుకోవాలన్నదే బెంగగా ఉంది. నేను నాన్‌వెజ్ తినను, స్పానిష్ అంతంతమాత్రం, పైగా వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది స్పానిష్ కూడా కాదు. పనిలో సాయం చెయ్యొచ్చా, వద్దంటారా? క్లాస్ అయ్యాక రూమ్‌లో కూచుంటే పొగరనుకుంటారేమో అని ఒక భయం, ఎప్పుడూ వాళ్ళ మధ్యనే తిరిగితే విసిగిస్తున్నానేమో అని ఇంకో భయం.

నూలుపోగు:
చెల్లీ, నేను పక్కనే ఉన్న శాన్ పెద్రోలో ఒకింట్లో ఉన్నా, అక్కడా త్సుతుహిల్ వాళ్ళే. నేను చెప్పేది ఒకటే, రూమ్‌లో కాదు వంటింట్లో కూచో. ఆ ఇళ్ళల్లో అసలు జరిగేదంతా అక్కడే. మొక్కజొన్న గింజల్ని సున్నం వేసి ఉడికించి నానబెడతారు, పొద్దున్నే కడిగి ప్లాస్టిక్ బకెట్లో వేసుకుని మిల్లుకి తీసుకెళ్ళి పిండి పట్టించుకొస్తారు, ఆ ముద్దని రెండు చేతుల మధ్య టపటపా కొట్టి గుండ్రంగా చేసి కొమాల్ మీద, అంటే కట్టెల పొయ్యి మీది పెద్ద పెనం, దాని మీద వేస్తారు. నువ్వు పక్కన కూచుంటే నీకూ ఒక ముద్ద ఇస్తారు. వంకరగా వస్తుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆ తర్వాత స్పానిష్ రాకపోయినా పెద్దగా అడ్డం రాదు.

తిండికి ఇబ్బంది పడవు. నల్ల చిక్కుడు గింజలు, గుడ్లు తింటే గుడ్లు, అవకాడో, వేయించిన అరటిపండు, గూయిస్కిల్ కూర (సీమవంకాయ లాంటిదే), గుడ్డలో చుట్టి వేడివేడిగా తోర్తియాలు (పైన చెప్పిన మొక్కజొన్న రొట్టెలే). కానీ ఊరికే మాంసం తినను అని వదిలెయ్యకు, చికెన్, చేప, పంది కొవ్వు, చికెన్ సూప్ అని పేరుపేరునా చెప్పు, లేకపోతే సూప్‌లోంచి ముక్కలు తీసేసి ప్రేమగా నీ ముందు పెడతారు, అప్పుడు వద్దనడం ఎంత కష్టమో. నువ్వు వెళ్ళకముందే స్కూల్ వాళ్ళ చేత చెప్పిస్తే ఆ అమ్మ బజారు చేసేటప్పుడే చూసుకుంటుంది.

ఇంకోటి, పెరట్లో పీలా అని సిమెంటు తొట్టి ఉంటుంది. మధ్య భాగంలో నిలవుండేవి వాడుకునే శుభ్రమైన నీళ్ళు, దాంట్లో చెయ్యిగానీ సబ్బు గిన్నెగానీ ముంచకూడదు, చిన్న గిన్నెతో తోడుకుని పక్క గట్టు మీదే తోముకోవాలి, బట్టలైనా అంతే. ఇది తెలిస్తే చాలు, నువ్వు తినే పళ్ళెం నువ్వు కడుక్కుంటానంటే ఎవరూ కాదనరు.

లాంచీదిగాక:
పై అక్క చెప్పింది కరెక్టే, నేను బయటి విషయాలు చెప్తా. పంపు నీళ్ళు తాగొద్దు, ఇంట్లో పెద్ద క్యాన్ నీళ్ళు ఉంటాయి, పళ్ళు తోముకోవడానికి కూడా అవే వాడు. టాయిలెట్ పేపర్ పక్కన బుట్టలో వెయ్యాలి. సరస్సు దాదాపు 1,560 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి రాత్రుళ్ళు చలి, స్వెట్టర్ తప్పదు. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, ఎక్కువగా మధ్యాహ్నం మీద పడతాయి. సరస్సు ఒడ్డునే ఉన్న పనహచెల్ అనే ఊరి నుంచి లాంచీలో రావాలి, మధ్యాహ్నం అయ్యేసరికి షోకోమిల్ అనే గాలి లేచి అలలు ఎగిరెగిరి పడతాయి, లగేజీతో వచ్చే రోజు పొద్దున్నే ఎక్కెయ్. చిన్న క్వెత్సాల్ (అక్కడి డబ్బు) నోట్లు దగ్గర పెట్టుకో.

మొక్కజొన్నపొత్తు:
నూలుపోగు గారూ, మీతో కొంచెం విభేదిస్తున్నా. వంటింట్లో కూచోవడం మంచిదే, కానీ ఆ అమ్మకి వంటొక్కటే పని కాదు కదా. శాన్ హువాన్‌లో చాలామంది ఆడవాళ్ళు చెట్ల ఆకులు, బెరడుతో రంగులద్దిన నూలుతో నేస్తారు, మగ్గం ఒక కొస స్తంభానికి కట్టి ఇంకో కొస నడుముకి పట్టీలా చుట్టుకుని నేల మీద కూచుని నేస్తారు. అది ఇంటి రాబడి. ఆవిడ నేస్తున్నప్పుడు అరగంట చూడు, కబుర్లు చెప్పు, కానీ రోజంతా ఆవిడ్ని నీ టీచర్ చేసుకోకు. నేర్చుకోవాలనుంటే డబ్బిచ్చి నేర్చుకో, కొనేటప్పుడు గీసి గీసి బేరమాడకు. నువ్వు కట్టే ఫీజులో కుటుంబానికి ఎంత వెళ్తుందో కూడా స్కూల్‌ని అడుగు, నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది, సరిగ్గా ఇచ్చేవాళ్ళు దాచకుండా చెప్తారు.

పెద్దవాళ్ళ దగ్గర యుద్ధం ప్రస్తావన నువ్వుగా తేవద్దు. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మాయన్లే. అదే సరస్సు ఒడ్డున శాంటియాగో అటిట్లాన్‌లో 1990 డిసెంబర్ 2న సైనికులు జనం మీద కాల్పులు జరిపారు, ఆ తర్వాత ఊరంతా ఒక్కటై సైన్యాన్ని అక్కణ్ణుంచి పంపించేదాకా ఊరుకోలేదు. నాయనమ్మ వయసువాళ్ళకి అదంతా కళ్ళారా చూసిన కాలం. ఆవిడే చెప్తే విను, ఫోన్ మాత్రం తియ్యకు. మామూలప్పుడైనా అడక్కుండా ఫోటోలు వద్దు, పిల్లలవైతే అసలే వద్దు.

వానకోయిల:
చాలా థాంక్స్ అందరికీ, ఫీజు సంగతి ఇవాళే మెయిల్ పెడతా. ఒక్క డౌట్, ఆ ఇంట్లో తెమాస్కల్ ఉందని స్కూల్ వాళ్ళు రాశారు, అదేంటి, పిలిస్తే వెళ్ళాలా?

నూలుపోగు:
పెరట్లో రాళ్ళూ మట్టితో కట్టిన చిన్న ఆవిరి గది చెల్లీ, లోపల నిలబడలేవు, వంగి వెళ్ళి కూచోవాలి. కట్టెలతో రాళ్ళు వేడెక్కించి నీళ్ళు చల్లుతారు, ఒళ్ళు నొప్పులకీ బాలింతలకీ మంచిదని వాళ్ళ నమ్మకం. నిన్ను పిలిచారంటే ఇంటిమనిషి అనుకున్నట్టే, వెళ్ళు. బీపీ, ఆస్తమా లాంటివి ఉంటే మాత్రం ముందే చెప్పెయ్, ఊపిరాడనట్టు అనిపించగానే బయటికొచ్చెయ్, ఎవరూ ఏమనుకోరు.