సయనోటైప్ మీద గమ్ ప్రింట్: తెలుపు కూడా పసుపెక్కుతోంది, ఎరుపు పొర ఊడిపోతోంది

ప్రశ్న (కావలి):
ఏ4 వాటర్‌కలర్ పేపర్ మీద సయనోటైప్ (ఇనుప లవణాలు పూసి ఎండలో తీసే నీలం ఫొటో ప్రింట్) బాగానే వస్తోంది. దాని మీద పసుపు, ఎరుపు గమ్ పొరలు (బంక, రంగు, డైక్రోమేట్ కలిపిన పూత; ఎండ తగిలిన చోట గట్టిపడుతుంది, మిగతాది నీళ్లలో కరిగిపోతుంది) వేసి మూడు రంగుల బొమ్మ తేవాలని ప్రయత్నం. తుమ్మ బంక 35 గ్రాములు 100 మి.లీ. నీటిలో, పొటాషియం డైక్రోమేట్ 10 శాతం, రెండూ సమానంగా. 5 మి.లీ. బంకకు ఒక గ్రాము ట్యూబు రంగు. రాత్రి పూసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, పొద్దున ఎండలో 3 నిమిషాలు.

మూడు చిక్కులు. మొదటిది, తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపే. రెండోది, ఎరుపు పొర నీళ్లలో పెచ్చులుగా లేచిపోతోంది. మూడోది, నెగటివ్ ఒక అంచున సరిపోతే ఇంకో అంచున మిల్లీమీటరు పైగా తప్పుతోంది. పేపర్‌కు సైజింగ్ (రంగు పేపర్‌లోకి ఇంకకుండా ముందే వేసే పూత) చేయలేదు. ఏది ముందు సరిచేయాలి?

జవాబు 1 (ఒంగోలు):
ముందు మరక ఎక్కడిదో తేల్చండి, అప్పటిదాకా ఏ కొలతా మార్చొద్దు. అదే పేపర్ నుంచి రెండు పట్టీలు కోయండి. ఒకదానికి బంక, రంగు, డైక్రోమేట్ బదులు అంతే నీళ్లు. రెండోదానికి మీరు మామూలుగా పూసేదే, కానీ ఎండ చూపించకుండా. ఎప్పటిలాగే ఆరబెట్టి, ఎప్పుడు ఎండకు పెడతారో అప్పటిదాకా చీకట్లో ఉంచి, రెండింటినీ అరగంట నీళ్లలో బోర్లా వేయండి. మొదటి పట్టీలోనే రంగు మిగిలితే తప్పు పేపర్‌ది, లేదా బంకకు రంగు ఎక్కువైంది. మొదటిది తెల్లబడి రెండోది మరకతో మిగిలితే తప్పు డైక్రోమేట్‌ది. చీకట్లోనే బంక గట్టిపడిందన్నమాట.

ఈ పరీక్ష పసుపుతో చేయకండి. డైక్రోమేట్ మరక కూడా పసుపు, గోధుమ ఛాయలోనే ఉంటుంది, రెంటికీ తేడా కంటికి ఆనదు. నలుపుతో చేయండి.

మీ వివరాలు చూస్తే రెండు తప్పులూ ఉన్నాయనిపిస్తోంది. వేడి, తేమ రెండూ చీకట్లో బంక గట్టిపడటాన్ని తొందర చేస్తాయి. కావలి గాలిలో రాత్రంతా ఉంచితే, అందులోనూ డ్రయ్యర్ వేడి తగిలాక, పొద్దున ఎండ చూడకముందే సగం పని అయిపోతుంది. ఫ్యాన్ గాలికి ఆరబెట్టి, ఆరిన వెంటనే ఎండకు పెట్టండి. మే నెల మధ్యాహ్నం ఫ్రేమ్ అద్దం కాలిపోతుంది, ఆ వేడి కూడా ఇదే పని చేస్తుంది. ఉదయం 9 లోపు ఎండ నయం.

సైజింగ్ మాత్రం తప్పదు. 3 గ్రాముల జెలటిన్ 100 మి.లీ. చన్నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 50 డిగ్రీల దగ్గర కరిగించండి, మరగనివ్వొద్దు. నీలం బొమ్మ పూర్తయ్యాకే ఇది రెండుసార్లు పూయండి. ఆరాక, జెలటిన్ గట్టిపడటానికి, లీటరు నీటికి 25 మి.లీ. ఫార్మలిన్ కలిపి 5 నిమిషాలు ముంచండి. ఆరుబయట, గ్లవుజులతో మాత్రమే.

జవాబు 2 (కందుకూరు):
పెచ్చులు లేస్తున్నాయంటే పూత మందంగా ఉంది, లేదా ఎండ చాల్లేదు. వెలుతురు పైనుంచి గట్టిపరుస్తూ వస్తుంది. అడుగుదాకా చేరకపోతే కింది బంక కరిగి, పైది రేకులా లేస్తుంది. ఏ4కు మొత్తం 3 మి.లీ. మిశ్రమం చాలు. పూశాక, ఖాళీ బ్రష్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తేలిగ్గా లాగండి. కింద నీలం గీతలు స్పష్టంగా కనిపించాలి. రంగు సగం గ్రాముకు తగ్గించండి. ముదురు కావాలంటే అదే నెగటివ్‌తో ఇంకో పల్చటి పూత. ఎండ లెక్క 1, 2, 4, 8 నిమిషాల పట్టీ తీసి చూసుకోండి.

బంక కూడా ఒకసారి చూసుకోండి. మన దగ్గర చెట్టు నుంచి తీసిందాంట్లో సర్కారు తుమ్మది కలిసి గోధుమ రంగులో ఉంటే పసుపు మురికిగా వస్తుంది. తేనె రంగు కన్నా లేత గడ్డలు ఏరి, నూలుగుడ్డలో వడకట్టి, పులియకుండా రెండు చుక్కల లవంగ నూనె వేయండి.

ప్రశ్న అడిగినవారు:
నలుపు పట్టీలు తీశాను. మొదటిది లేత బూడిద రంగులో మిగిలింది, రెండోది బాగా నల్లగా. అంటే రెండు తప్పులూ ఉన్నట్టే కదా? ఇంకొకటి, బోరు నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే నీలం కూడా వెలుస్తోంది.

జవాబు 3 (నెల్లూరు):
అవునండీ, రెండూ ఉన్నాయి. సైజింగ్‌తో మొదలుపెట్టండి, తర్వాత మళ్లీ రెండు పట్టీలు.

నీలం వెలిసేది క్షారానికి. బోరు నీళ్లలో అది సాధారణమే. గమ్ పొర నానేది గంటసేపు కాబట్టి క్యాన్ నీళ్లు వాడండి, మొదటి నీళ్లలో లీటరుకు ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలపండి. సబ్బు, సోడా తగలనివ్వొద్దు.

అంచులు తప్పేది పేపర్ తడిసి ఆరినప్పుడల్లా కుదించుకుపోతుంది కనుక. సయనోటైప్‌కు ముందే 60 డిగ్రీల నీళ్లలో అరగంట నానబెట్టి ఆరబెడితే ఆ కుదింపు చాలావరకు ముందే అయిపోతుంది. ఫొటోను కంప్యూటర్‌లో రెడ్, గ్రీన్, బ్లూ ఛానెళ్లుగా విడదీసి, నీలానికి రెడ్ ఛానెల్, ఎరుపుకు గ్రీన్, పసుపుకు బ్లూ ఛానెల్ నెగటివ్ వాడండి. మూడూ ఒకే సైజులో ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) మీద తీసి, పేపర్ మార్జిన్‌కూ షీట్లకూ ఒకే ఆఫీస్ పంచ్‌తో రెండేసి రంధ్రాలు వేయండి.

డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, పొడి అస్సలు పీల్చొద్దు. వాడిన మొదటి నీళ్లు కాలువలో పోయకండి. బకెట్‌లో పట్టి, ఆరుబయట, సోడియం మెటాబైసల్ఫైట్ కొంచెం కొంచెంగా కలపండి. నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది. అలా మారినా పారబోసేది కాదు. మూత గట్టి సీసాలో పోసి, లేబుల్ వేసి, దగ్గర్లో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లు తీసుకుంటారేమో అడగండి.