స్థావరానికా చేటు, జంగమానికా?

పలకబలపం: కన్నడ శివకవి బసవన్న వచనంలో “స్థావరానికి చేటుంది, జంగమానికి లేదు” అని ఒక ముక్క ఉండాలి. అసలు మాటలు ఎవరికైనా నోటికొచ్చా? క్విక్‌బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష మీద తెలుగులో రాస్తూ స్టాటిక్ అరేకి (అరే అంటే ఒకే పేరు కింద విలువల వరస) స్థావరం, అంటే కదలనిది, డైనమిక్‌కి జంగమం, అంటే కదిలేది, అని పెట్టాను. అరేని ప్రకటించే డిమ్‌తో డిమ్ ఏ(100) అంటే ప్రోగ్రామ్ కంపైలయ్యేటప్పుడే మెమరీలో చోటు ఖాయం. డిమ్ ఏ(ఎన్) అంటే నడుస్తుండగా తీసుకుంటుంది.

ద్విపదప్రియ: “స్థావరక్కళివుంటు, జంగమక్కళివిల్ల”. అళివును చేటు అనకండి. చేటు కీడు కూడా అవుతుంది, అళివు అంటే నశించడమే.

పాతఫ్లాపీ: అయితే క్విక్‌బేసిక్‌లో బసవన్న తలకిందులు! అరేని చెరిపే ఎరేజ్ కొడితే స్థావరంలో అంకెలు సున్నాలవుతాయి, చోటు ఎక్కడికీ పోదు. జంగమమే మెమరీ ఖాళీ చేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ రీడిమ్‌తోనో డిమ్‌తోనో చోటు అడిగితేనే రాక. ప్రోగ్రామ్ పైన రెమ్ డాలర్‌డైనమిక్ అనే సూచన ఉంటే 100 అని అంకె వేసిందీ జంగమమే. అన్నట్టు ఆ 100లో గదులు 101, సున్నా నుంచి కదా.

ద్విపదప్రియ: లోపలిది పోయి గోడలు మిగిలితే అళివు కాదా? ఆ వచనంలో ఒళ్ళే గుడి, కాళ్ళే కంబాలు. పాడుబడ్డ గుడి నిలబడి ఉన్నా అళిసినట్టే.

పాతఫ్లాపీ: 202 బైట్లు అలాగే పట్టుకుని కూచున్నదాన్ని పోయిందంటే ఎలా మాస్టారూ? ఏ% అనుకుని, అంటే గదికి రెండు బైట్ల పూర్ణాంకమని లెక్కేశా.

దస్తావేజు: రిజిస్ట్రేషన్ కాగితాల్లో స్థిర, చర ఉండగా ఈ శైవం దేనికి? స్థిర శ్రేణి, చర శ్రేణి.

పలకబలపం: చర అనగానే తెలుగు మీడియం వాళ్ళకి చరరాశి గుర్తొస్తుందండీ, వేరియబుల్స్ వరస అనుకుంటారు. పైగా అంకశ్రేఢిని శ్రేణి అని రాస్తే మా లెక్కల మాస్టారు మార్కు కోసేవారు.

దస్తావేజు: ఢకారం భాస్కరాచార్యుడి లీలావతి గణితం నాటిది, దాని జోలికి నేను పోలేదు. నాది ణకారం.

ద్విపదప్రియ: పాల్కురికి సోమన చేతికిస్తే జాను తెనుగులో నిలకడ వరస, నడక వరస అని తేల్చేసేవాడు.

పాతఫ్లాపీ: సబ్ (పేరు పెట్టి పిలిస్తే నడిచే ప్రోగ్రామ్ ముక్క) లోపల రాసే స్టాటిక్‌కో? అది చోటు గొడవ కాదు, ఒక పిలుపు నుంచి ఇంకో పిలుపుకి విలువ నిలబెట్టుకోవడం. దానికీ నిలకడేనా?

పలకబలపం: రేపు అధ్యాయం పంపాలి. అరే అనే ఉంచేస్తున్నా.

దస్తావేజు: ఎరే అని రాయి తమ్ముడూ. అరే అంటే ఎవర్నో పిలుస్తున్నట్టుంది.