ప్రొటాక్టినియం కనుగొన్నది 1913లోనా, 1918లోనా?

చెన్నైలో మా తెలుగు సంఘం పిల్లల సైన్స్ ప్రదర్శన ఆదివారమే. తొమ్మిదో తరగతి చదివే మా పాపతో కలిసి రేడియోధార్మిక మూలకాల చార్టు తెలుగులో రాస్తున్నాను. 1789 యురేనియం, 1828 థోరియం, 1898 పొలోనియం, రేడియం. ఇంతవరకు బాగానే ఉంది. 91వ మూలకం ప్రొటాక్టినియం దగ్గర ఆగిపోయాం.

1913లో జర్మనీలో ఫాయన్స్, గోరింగ్ దాన్ని మొదట పసిగట్టారు. వాళ్లకు దొరికిన ఐసోటోపు (ఒకే మూలకంలో వేరే బరువున్న రూపం) అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 70 సెకన్లే, అందుకే లాటిన్‌లో 'పొట్టి' అనే మాట నుంచి 'బ్రెవియం' అన్నారు. 1918లో ఓటో హాన్, లీజె మైట్నర్ ప్రొటాక్టినియం-231ని ప్రకటించారు. దాని అర్ధాయువు సుమారు 32,700 ఏళ్లు. ఇప్పటి పేరుకు మూలం వాళ్లు పెట్టిందే.

లైబ్రరీలో రెండు కెమిస్ట్రీ పుస్తకాలు, ఫోన్‌లో మూడు ఆవర్తన పట్టికల యాప్‌లు చూశాను, ఒకదానికొకటి కుదరలేదు. ట్యూషన్ సార్ రెండూ రాసేయమన్నారు, కానీ మా చార్టులో ఒక్కో మూలకానికి ఒకటే గడి. పెన్సిల్‌తో రాసి చెరిపి, రాసి చెరిపి ఆ గడిలో కాగితం నూగు లేచిపోయింది. మైట్నర్ పేరు ఉండాలని పాప పట్టు. నాకూ అదే ఇష్టం, కానీ ఇష్టాన్ని బట్టి ఏడాది రాయలేం కదా. రేడాన్‌కూ ఇదే చిక్కు వచ్చింది.

మూలకాన్ని కనుగొన్న ఏడాదిగా దాని మొదటి ఐసోటోపు దొరికిన ఏడాదిని రాయాలా, ఎక్కువ కాలం నిలిచే ఐసోటోపు దొరికిన ఏడాదిని రాయాలా?